మాస్టారికి కప్పని జెండా

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి మడతల టీచరమ్మ చేతిలో ఆసుపత్రి దుప్పటి సగం మడతలో ఉంది. తెల్లవారి ఆరు కావస్తోంది. డ్యూటీ దిగడానికి ఇంకా అరగంట ఉంది. ఫోను చేసింది మాస్టారి పక్కింటావిడ.

"నిద్రలోనే పోయారమ్మా. పొద్దున్నే లేచి బూట్లు తుడుచుకునే మనిషి. ఇంకా లేవలేదేంటా అని వాళ్ళావిడ వెళ్ళి చూస్తే..." అని ఆగిపోయింది ఆవిడ.

"వస్తున్నా" అని ఫోను పెట్టేసి, టీచరమ్మ చేతిలో దుప్పటి మడత పూర్తి చేసింది. మూలలు కలిపి, అంచు లోపలికి తోసి, దొంతర మీద పెట్టింది. ఆ తరవాత ఉతకాల్సిన బట్టల మూట మీద కూలబడింది. ఏడుపు రాలేదు. కాళ్ళు పీకుతున్నాయి, ఇవాళ కూడా పడుకోవడానికి లేదన్నమాట అన్నదే ముందుగా తోచింది. అలా తోచినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత కూడా ఎక్కువసేపు నిలవలేదు. అలిసిపోయిన మనిషి దగ్గర ఏదీ ఎక్కువసేపు నిలవదు.

నిజానికి ఆమె టీచరు కాదు. ఆసుపత్రి బట్టల గదిలో ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు, గలీబులు, డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేసి మడతపెట్టే మనిషి. ఆదివారాలు మాత్రం గోదాముల వెనకున్న ఖాళీ స్థలంలో, పిల్లలకు కవాతూ జెండా మర్యాదా నేర్పే మాస్టారి బాలదళానికి సాయం చేసేది. పిల్లల చొక్కాల మడతలు సరిచూడటం, దించిన జెండాను ఎలా మడవాలో చూపించడం ఆమె పని. అందుకని పిల్లలే పెట్టారు ఆ పేరు. పేరు పెట్టినవాళ్ళలో సగం మందికి ఇప్పుడు సొంత పిల్లలున్నారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మాస్టారిని చూసినవాళ్ళెవరైనా సైన్యంలో పనిచేసి వచ్చాడనే అనుకునేవాళ్ళు. నిటారుగా నడిచేవాడు. కుర్చీలో కూర్చున్నా వీపు వెనక్కి ఆనేది కాదు. కానీ ఆయన ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గుమాస్తా. తుపాకీ ముట్టుకున్న పాపాన పోలేదు. ఎవరైనా "మీరు ఏ పటాలంలో చేశారు మాస్టారూ?" అని అడిగితే "ఉత్తరాల పటాలంలో" అనేవాడు. వాళ్ళు అది కూడా ఏదో రహస్య విభాగం కాబోలనుకుని తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు.

జెండా విషయంలో ఆయనతో వేగడం కత్తి మీద సాము. ఎగరేసేటప్పుడు చురుగ్గా, దించేటప్పుడు నెమ్మదిగా. నేల తగలకూడదు, నీళ్ళు తగలకూడదు, భుజాన కండువాలా వేసుకోకూడదు, బల్ల మీద గుడ్డలా పరవకూడదు. జెండా జట్టంటే ముగ్గురు. మధ్యలో పట్టేవాళ్ళు ఒకరు, అటూ ఇటూ కాపలా ఇద్దరు. ముక్కు మీద ఈగ వాలితే అది తన పని చూసుకుని పోయేదాకా ఆగాలి. మోకాళ్ళు బిగబెట్టకూడదు, బిగబెడితే కళ్ళు తిరుగుతాయి. ఆజ్ఞ లేకుండా కదలకూడదు. "పైకప్పు కూలితే మాస్టారూ?" అని ఒకసారి ఓ తుంటరి పిల్లాడు అడిగితే, "కూలనీ. కూలాక ఏం చెయ్యాలో నేను చెప్తాను" అన్నాడట. అది దళంలో సామెతైపోయింది.

టీచరమ్మ బస్సెక్కేముందు పొడుగమ్మాయి ఇంటికి ఫోను చేసింది. పద్నాలుగేళ్ళ ఆ పిల్లదే ఇప్పుడు జెండా పట్టే వంతు. "కళ్ళజోడు పిల్లాణ్ణీ బుజ్జినీ తీసుకుని పదింటికల్లా శ్మశానం గేటు దగ్గరికి రండి. యూనిఫారంలో రండి. దళం జెండా తీసుకురండి" అంది.

"దేశం జెండా కూడా తేవాలా టీచరమ్మా?"

"వద్దు."

ఆ "వద్దు" ఎంత తేలిగ్గా వచ్చిందో, తరవాత అంత బరువైంది.

*

మాస్టారి ఇంటి ముందు చెప్పులు గడప దాకా ఉన్నాయి. లోపల ముందు గదిలో రెండు బల్లలు కలిపి వాటి మీద మూత తీసిన శవపెట్టె ఉంచారు. పెట్టె మీద, మాస్టారి మెడ దాకా, జాతీయ జెండా కప్పి ఉంది. కొత్తది. కొట్లో అప్పుడే కొన్న మెరుపు గుడ్డ. విప్పిన మడతల గీతలు కూడా పోలేదు. పెట్టె కంటే చాలా పెద్దది కావడంతో ఒక పక్క అంచు జారి నేల మీద పడి ఉంది. వచ్చేవాళ్ళు తొక్కకుండా తప్పుకుని నడుస్తున్నారు.

టీచరమ్మ ముందు ఆ అంచు చూసింది. ఆ తరవాతే మాస్టారి ముఖం చూసింది. ముసలాయన ఎప్పట్లాగే నిటారుగా ఉన్నాడు. ఆమె వంగి, నేల మీద పడిన అంచును పైకి తీసి, పెట్టె పక్కన సర్దింది. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి.

మాస్టారి అల్లుడు ఎదురొచ్చాడు. పెట్రోలు బంకులో మేనేజరు. నెమ్మదస్తుడు. భార్య, అంటే మాస్టారి ఒక్కగానొక్క కూతురు, అయిదేళ్ళ కిందట జబ్బుతో పోయినా అత్తమామలను వదలకుండా అదే వీధిలో ఉన్నాడు.

"రండి అక్కయ్యగారూ. పొద్దున్న నేనే వెళ్ళి తెచ్చాను. కొట్టువాడిని నిద్రలేపి మరీ తీయించాను" అన్నాడు జెండా వైపు చూపించి. "మామయ్యగారికి ఇది కాక ఇంకేం కావాలి చెప్పండి."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఎవరో "మిలటరీ మనిషికి తగ్గట్టు చేశావు బాబూ" అన్నారు. అల్లుడు కాదనలేదు, అవుననీ అనలేదు.

టీచరమ్మ జెండా మీంచి చూపు తిప్పుకుంది. ఆ మనిషి ముఖంలో ఉన్న సంతోషం ఆమె చూసింది. రెండు రోజుల గడ్డంతో, ఎర్రబడ్డ కళ్ళతో, ఏదో ఒకటి సరిగ్గా చేశానన్న సంతోషం. దాన్ని తుడిచేసే పని తనకే పడిందేమిటి అనుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళు మూస్తే చాలు, నిలబడే నిద్రపోయేలా ఉంది. కానీ కళ్ళు మూయగానే పంతొమ్మిదేళ్ళ కిందటి రోజు వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఆ రోజు ఆమె ఇదే గుమ్మం ముందు నిలబడింది. భర్త నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. వాలు రోడ్డు మీద బ్రేకులు పోతే, కింద కూడలిలో జనం మీదికి పోనివ్వకుండా బండిని గోడకు కొట్టాడు. జనానికేం కాలేదు, అతను బతకలేదు. ఊరంతా వచ్చింది. దేశం కోసం పోయినవాళ్ళకి ఇతనేం తీసిపోయాడు, జెండా కప్పాల్సిందే అన్నారు. ఆమె కూతురు అప్పటికే బాలదళంలో ఉంది. అందువల్ల జెండా ఎవరి దగ్గరుంటుందో టీచరమ్మకు తెలుసు. విరబోసుకున్న జుట్టుతో, చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చి అడిగింది.

మాస్టారు గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఇవ్వలేనమ్మా" అన్నాడు. "ఇవ్వడానికి అది నాది కాదు. ప్రభుత్వం ఉత్తర్వు ఉంటే తప్ప ఎవరి మీదా కప్పకూడదు."

"నా మొగుడు వందమందిని కాపాడాడు."

"నిజం. అయినా కప్పకూడదు."

అప్పుడు ఆమె ఒక మాట అంది. ఆ మాట పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు. "మీ ఇంట్లోనూ ఒకరోజు వస్తుంది. అప్పుడు చూస్తాను ఏం కప్పుతారో" అంది.

ఆయన ఆ సాయంత్రం శ్మశానానికి వచ్చాడు. అందరికంటే వెనకగా, గోడ పక్కన, పూర్తయ్యేదాకా అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆమె చూసింది. చూసి, కోపం ఇంకా పెరిగింది. కానీ కూతురు దళం మానలేదు. ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే బూట్లేసుకుని కూర్చునేది. పిల్లను దింపడానికి, తీసుకురావడానికి వెళ్ళేది ఈమె. ఒకనాడు చినిగిన జెండా అంచు కుట్టమని మాస్టారు అడిగితే, కాదనలేక కుట్టింది. అలా మొదలైంది. కూతురు పెద్దదై, నర్సు చదివి వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళాక కూడా ఆమె మానలేదు. ఆదివారం పొద్దున ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే గడియారం కదలదని తెలిసింది. ఇన్నేళ్ళలో మాస్టారు ఆ రోజు గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

*

మాస్టారి భార్య వంటగదిలో నీళ్ళ బిందె పక్కన పీట మీద కూర్చుని ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్క పూటలో పిడికెడయింది. టీచరమ్మ వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తిన్నావా?" అంది ముసలావిడ.

"డ్యూటీ నుంచే వచ్చాను పిన్నిగారూ."

"ఒళ్ళు హూనం చేసుకుంటావు నువ్వు. ఆయనా అంతే." చెంగుతో కళ్ళొత్తుకుని, "ఏదో చెప్పాలని వచ్చావు. చెప్పు" అంది.

"జెండా..."

"తెలుసు." ముసలావిడ గొంతు గట్టిపడింది. "నాకు తెలుసు నువ్వేమంటావో. ఆయనుంటే ఏమనేవాడో అంతకంటే బాగా తెలుసు. ముప్పై ఏళ్ళ ఆదివారాలు దానికే పోశాడు. పిల్ల పెళ్ళినాడు కూడా సాయంత్రం వెళ్ళి జెండా దించి వచ్చాడు. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఆ జెండా ఆయన కోసం రాకూడదా? ఆయన లేడుగా ఇప్పుడు కాదనడానికి. ఇవాళైనా ఈ ఇంట్లో నా మాట చెల్లనీ."

నియమాల పుస్తకంలో ఏ పేజీలో ఏముందో టీచరమ్మ చెప్పగలదు గానీ, ఈ మాటకు జవాబు అందులో లేదు. వదిలేద్దామనిపించింది. ఎవరికి నష్టం? అడిగేవాడెవడు? లేచి వెళ్ళి, మూల కాసేపు ఒరిగితే, మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుంది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారట, తనకెందుకీ ఉలిపికట్టె వేషం?

"పిన్నిగారూ, నేనో రోజు మీ గుమ్మం ముందు నిలబడ్డాను. గుర్తుందా?"

"ఎలా మర్చిపోతాను. ఇక్కడే, ఈ తలుపు సందులోంచి చూశాను." ముసలావిడ చూపు దించుకుంది. "ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నేనూ పెట్టలేదు. ఇచ్చేస్తే ఏం పోయింది, గుడ్డే కదా అన్నాను. 'ఒకరికి ఇచ్చి ఇంకొకరికి కాదనడం నావల్ల కాదు. ఎవడు గొప్పగా చచ్చాడో తూచడానికి నేనెవణ్ణి' అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు నేను."

ఆ మాటలు టీచరమ్మ ఎప్పుడూ వినలేదు. తనతో ఆయన ఇంత చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో, ఏమీ అయ్యేది కాదేమో.

"మీరు తిట్టినా సరే పిన్నిగారూ, చెప్పేస్తాను" అంది నెమ్మదిగా. "ఇవాళ ఆయన మీద కప్పితే, ఆ రోజు నాకు కాదన్నది అబద్ధమైపోతుంది. కావలసినవాళ్ళయితే ఇవ్వొచ్చు, నేను కానిదాన్ని కాబట్టి ఇవ్వలేదని తేలిపోతుంది. పంతొమ్మిదేళ్ళు అది నిజమైన నియమమే అనుకుని బతికాను. ఆయన్ని తిట్టుకుంటూ అయినా సరే, అదే అనుకున్నాను. ఇప్పుడు కాదని తెలిస్తే నేను మళ్ళీ మొదటి నుంచి ఏడవాలి. అంత ఓపిక నాకు లేదు."

ముసలావిడ బిందె మీద మూత సరిచేసింది. ముందు గదిలో ఎవరో దగ్గారు. కుర్చీ జరిపిన చప్పుడైంది.

"తీయించు" అంది చివరికి. "అల్లుడికి మాత్రం నేను చెప్పలేను. పాపం ఎంత ఆశగా తెచ్చాడో. నువ్వే చెప్పు."

*

అల్లుడిని పెరట్లోకి పిలిచింది. దండెం మీద మాస్టారి చొక్కా ఒకటి, నిన్న ఉతికింది, ఇంకా ఆరుతోంది. అతను అంతా విన్నాడు. గొంతు పెంచలేదు.

"ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలందరికీ జెండా అంటే ఏంటో నేర్పిన మనిషికి అర్హత లేకపోతే, ఇంకెవరికుందండీ?"

"నాకూ అదే అనిపిస్తోంది బాబూ."

"మరి?"

"అర్హత ఉందా లేదా అని మనం తేల్చకూడదు. అదే ఆయన నేర్పింది."

అతను దండెం తాడు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు, ఆమె భయపడుతున్న మాటే అన్నాడు. "అత్తయ్యగారు నాకొకసారి చెప్పారు మీవారి సంగతి. మీకివ్వలేదని... ఇవాళ ఆ కక్ష తీర్చుకుంటున్నారా అక్కయ్యగారూ?"

టీచరమ్మ తన మనసులోకి తొంగి చూసుకుంది, బట్టల మూటలో చిరిగిన దుప్పటి కోసం వెతికినట్టు. ఆ రోజు అన్న మాట అక్కడే ఉంది. దాని చుట్టూ ఇంకా ఏమేమి ఉన్నాయో వేరుచేయడం ఆమెకు చేతకాలేదు.

"ఉండొచ్చు బాబూ. ఎంత వెతికినా లేదని గట్టిగా చెప్పలేకపోతున్నాను. కక్షే అనుకో. అయినా అది తియ్యాలి."

ఆ జవాబు అతను ఊహించలేదు. ఆమె వైపు చూశాడు. ముతక చీర, ఉబ్బిన కళ్ళు, పాదాలకు ఆసుపత్రి రబ్బరు చెప్పులు. కక్ష తీర్చుకునే మనిషి ఇంత నీరసంగా ఉంటుందా అనుకున్నాడో ఏమో, దండెం వదిలేసి, "పదండి" అన్నాడు.

ముందు గదిలో జనం ఏమిటేమిటన్నారు. "దీన్ని మడవాలి" అని మాత్రం అంది టీచరమ్మ. పెట్టెకు అటు అతను, ఇటు ఆమె నిలబడ్డారు. "బిగించి పట్టుకోండి. నడుము ఎత్తులో. మీ వైపు వదులవుతోంది, చూడండి. ఆఁ, అలాగే. ఇప్పుడు పొడుగునా సగానికి. అంచు మీద అంచు రావాలి. తొందరేం లేదు." ఆదివారాలు పిల్లలతో చెప్పే మాటలే అవి. అతను చెప్పినట్టే చేశాడు. మూడో మడతలో అతని వైపు అంచు జారబోతే తనే పట్టుకున్నాడు. నాలుగో మడతకు అతను ఏడుస్తున్నాడు. పొద్దుట్నుంచీ పరుగులు పెడుతున్న మనిషి అప్పటిదాకా ఏడవలేదు. చేతులు మాత్రం దించలేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా వదల్లేదు. ఆమె తన అంచు తీసుకెళ్ళి అతని అంచుకు కలిపి, జెండాను అతని చేతుల్లో పెట్టింది.

"బీరువాలో భద్రంగా పెట్టండి" అంది. "మంచి రోజున ఎగరేద్దాం."

ఇందాక మాస్టారిని మిలటరీ మనిషన్న పెద్దాయన, "ఆడవాళ్ళు చెబితే తీసేయడమేనా?" అని గొణిగాడు. వంటగది గుమ్మంలోంచి మాస్టారి భార్య అంది, "ఆయన పోస్టాఫీసులో చేశాడు అన్నయ్యగారూ. ఉత్తరాలు వేరుచేసేవాడు."

*

శ్మశానం గేటు దగ్గర పిల్లలు ముగ్గురూ అప్పటికే ఉన్నారు. జెండా కర్ర పొడుగు గుడ్డసంచిలో ఉంది. బస్సులో కండక్టరు కర్రకి కూడా టిక్కెట్టు తీసుకోమన్నాడని కళ్ళజోడు పిల్లాడు ఫిర్యాదు చేశాడు. బుజ్జి కళ్ళు వాచి ఉన్నాయి. పదకొండేళ్ళ పిల్ల, దళంలో చేరి ఏడాది కూడా కాలేదు. పొడుగమ్మాయి మాత్రం ఏడవలేదు. ముఖం బిగించుకుని ఉంది.

"ఏం చెయ్యాలి టీచరమ్మా?"

"జెండా వంచాలి."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "వంచకూడదని మాస్టారు చెప్పారు కదా. ఎవరొచ్చినా సరే వంచకూడదన్నారు" అంది పొడుగమ్మాయి.

"అది దేశం జెండా. ఎవరి ముందూ వంచకూడదు. ఇది మన దళం జెండా. ఇది మనది. మనకి పెద్దవాళ్ళ ముందు, పోయినవాళ్ళ ముందు వంచొచ్చు. పుస్తకంలో ఉంది. మాస్టారు మీతో ఎప్పుడూ చేయించలేదు, అంతే."

ఎందుకు చేయించలేదో ఆమెకూ తెలియదు. వంచదగ్గ మనిషి ఎవరూ రాలేదనుకున్నాడేమో. లేక, మరిచిపోయాడేమో. ఆయనకూ వయసైంది.

నీళ్ళ తొట్టి వెనక మూడుసార్లు చేసి చూశారు. "జెండా వంచు" అంటే కర్ర మొదలు నడుము పట్టీలో ఉంచి, చేతులు చాచి, గుడ్డ నేలకు జానెడు ఎత్తులో ఆగేదాకా ముందుకు వాల్చాలి. "జెండా ఎత్తు" అంటే మళ్ళీ నిలబెట్టాలి. మొదటిసారి కర్ర వేగంగా పడబోయింది. రెండోసారి గుడ్డ గాలికి పొడుగమ్మాయి ముఖానికి చుట్టుకుంది. మూడోసారి బాగానే వచ్చింది. "ఎంతసేపు వంచి ఉంచాలి?" అని అడిగింది ఆ పిల్ల. "కొంచెంసేపే. పది లెక్కపెట్టేంత. నేను చెప్తాను."

పెట్టెను తీసుకొచ్చి గుంట పక్కన ఉంచారు. ఎండ ఎక్కుతోంది. జనం పాతికమంది కంటే ఎక్కువ లేరు. వాళ్ళలో నలుగురైదుగురు పాత దళం పిల్లలు, ఇప్పుడు పొట్టలొచ్చినవాళ్ళు. ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడ్డారు. జెండా జట్టు గేటు నుంచి నడిచి వచ్చింది. మధ్యలో పొడుగమ్మాయి, కుడివైపు కళ్ళజోడు, ఎడమవైపు బుజ్జి. కంకర మీద బూట్ల చప్పుడు ఒక్కటిగా లేదు. బుజ్జి అడుగు కొంచెం వెనక పడుతోంది. నీలం గుడ్డ మీద తెల్ల నక్షత్రం టీచరమ్మ కుట్టిందే. ఒక కొన వంకర పోయింది. మాస్టారు ప్రతి ఏడూ సరిచేయిద్దామనేవాడు.

"జట్టూ, ఆగు" అంది టీచరమ్మ. ఆగారు.

"జెండా వంచు."

జెండా వంగింది. నెమ్మదిగా, తొట్టి వెనక ఒక్కసారి కూడా రానంత చక్కగా, నేలకు జానెడు ఎత్తులో ఆగింది. కాపలా ఇద్దరూ సెల్యూట్ చేశారు. పెట్టెను దించడం మొదలుపెట్టారు. తాళ్ళు కీచుమన్నాయి.

టీచరమ్మ మనసులో లెక్కపెట్టింది. పది అయింది. "జెండా ఎత్తు" అనడానికి నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. ఆపుకోవాలనుకున్న ఏడుపు కాదది. ఏడుపు రావడం లేదు కూడా. తోడితోడి బావి అడుగంటినట్టు, లోపల మాట లేదు. ఉదయం నుంచి కాదు, ఎన్నో ఏళ్ళ నుంచి వాడుతున్న గొంతు ఎక్కడో ఆగిపోయింది. ఎదురుగా పొడుగమ్మాయి అలాగే ఉంది. నిలువెత్తు కర్ర బరువంతా చాచిన చేతుల మీద. ఇరవై అయింది. ముప్పై అయింది. ఆ పిల్ల మోచేతులు వణకడం మొదలైంది. గుడ్డ కొన నేలకు బెత్తెడు ఎత్తులోకి వచ్చింది. పిల్ల పళ్ళు బిగించింది. కొన మళ్ళీ జానెడు ఎత్తుకు లేచింది. కళ్ళు మాత్రం దూరంగా ఒకే చోట ఉన్నాయి. ఆజ్ఞ రాలేదు కాబట్టి కదల్లేదు. జనంలో ఎవరికీ ఏదో తప్పు జరుగుతోందని తెలియదు. ఇదే పద్ధతి కాబోలనుకుని తలలు వంచుకున్నారు.

బుజ్జికి తెలిసింది. సెల్యూట్ చేతిని కదల్చకుండా, పెదవులు కదిలీ కదలనట్టు, "టీచరమ్మా, అక్క చేతులు" అంది.

"జెండా ఎత్తు."

ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. బొంగురుగా, తాడు తెగినట్టు వచ్చింది. కానీ వచ్చింది. కర్ర లేచి నిలబడింది. పొడుగమ్మాయి బుగ్గల మీదుగా అప్పుడు కారాయి నీళ్ళు. వాటిని తుడుచుకోమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు కాబట్టి ఆ పిల్ల తుడుచుకోలేదు.

*

అంతా అయ్యాక జనం పలచబడ్డారు. పిల్లలు తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్నారు. టీచరమ్మ పొడుగమ్మాయి చేతులు మోచేతుల దాకా ఒత్తింది. "తప్పు నాదేనమ్మా. ఆజ్ఞ మరిచిపోయాను" అంది. "తెలుసు. మాస్టారైతే మర్చిపోరు" అంది ఆ పిల్ల, తప్పుపడుతున్నట్టు కాకుండా, ఉన్న మాట అన్నట్టు.

మాస్టారి భార్య సిమెంటు అరుగు మీద కూర్చుని చెయ్యి ఊపి పిలిచింది. టీచరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

"బాగుంది" అంది ముసలావిడ. "ఆయనకి నచ్చేది కాదు. ఎక్కువసేపు ఉంచారనేవాడు."

"ఎక్కువసేపే ఉంచాం పిన్నిగారూ."

"అడుగుదామనుకున్నాను ఎన్నోసార్లు. ఆయన్ని క్షమించావా నువ్వు?"

టీచరమ్మ కాళ్ళు చాపుకుంది. పాదాలు చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. "ఏమో పిన్నిగారూ. పిల్ల చదువు, డ్యూటీలు, ఆదివారాలు. కూర్చుని క్షమించడానికి తీరికెక్కడ దొరికింది?"

ముసలావిడ ముఖంలో ఆ రోజుకి మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. అల్లుడు రిక్షా తీసుకొచ్చి ఆవిడను ఎక్కించాడు. తనూ ఎక్కబోతూ ఆగి, "ఆదివారం దళం ఉంటుందా అక్కయ్యగారూ?" అని అడిగాడు.

"ఏమో బాబూ" అంది ఆమె. నిజంగానే తెలియదు.

ఉండాలని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి గోదాముల వెనక స్థలంలో పిల్లలు పధ్నాలుగు మంది వచ్చారు, ఇరవై ఇద్దరికి గాను. అల్లుడు కూడా వచ్చి ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం చేయాలో అతనికి తెలియదు, ఇంటికి వెళ్ళడానికి మనసు రాలేదు. మడతల టీచరమ్మ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. పిల్లలు వరసలు కట్టి, మాస్టారు నిలబడే చోటు వైపు తిరిగి, అటెన్షన్‌లో ఉన్నారు. ఆమె వెళ్ళి ఆ చోట నిలబడింది. పధ్నాలుగు జతల కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఏ మాటతో మొదలుపెట్టాలో తోచలేదు.

"కూర్చోండర్రా" అంది. "కాసేపు కూర్చుందాం."

ముప్పై ఏళ్ళలో ఆ స్థలంలో ఎవరూ ఇవ్వని ఆజ్ఞ అది. పిల్లలు కదల్లేదు. అది ఆజ్ఞో, మామూలు మాటో అర్థంకాక పక్కచూపులు చూసుకున్నారు. ఆమె ముందుగా తనే కంకర మీద మఠం వేసుకుని కూర్చుంది. అప్పుడు బుజ్జి కూర్చుంది. తరవాత ఒక్కొక్కరూ కూర్చున్నారు.